తీర్పుకు ముందే జప్తు: రైతులు తెలిసికొనవలసిన చట్టము

సేద్యమునకు పెట్టుబడి ముందు, ఫలితము తరువాత. విత్తనములకు, ఎరువులకు, కూలీలకు తొలకరిలోనే డబ్బు కావలెను. పంట డబ్బు చేతికి వచ్చుట సంక్రాంతి ప్రాంతమునకు గాని జరుగదు. ఈ నడుమ నెలలలో ఎంతటి జాగరూకుడైన రైతుకును చేబదులో, నోటు బాకీయో తప్పదు. ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును సామరస్యముగా నున్నంత కాలము కోర్టు మాట రాదు. వానలు తప్పియో, ధర పడిపోయియో వాయిదా దాటినప్పుడు మాత్రము, "దావా వేసి నీ కళ్ళములోని కుప్ప జప్తు చేయించెదను" అను మాట వినవచ్చును.

ఈ ఒక్క మాటకు బెదరి రైతులు చేసికొను నష్టము అంతింత కాదు. ఒకరు తడి ఆరని ధాన్యమును అడిగిన ధరకు అమ్మివేయుదురు. మరియొకరు వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు వ్రాసియిత్తురు. ఇంకొకరు పొలము అమ్మకపు కాగితముపై సంతకము పెట్టుదురు. నిజమునకు రైతు స్వాధీనములో నున్న పంటను తీర్పుకు ముందు జప్తు చేయుటకు ఈ చట్టము క్రింద కోర్టునకే అధికారము లేదు. ఈ సంగతి సివిలు ప్రొసీజరు కోడులో స్పష్టముగా వ్రాయబడియున్నది. ఆ కోడు కోస్తా, రాయలసీమ జిల్లాలలో 1909 నుండియు, తెలంగాణ జిల్లాలలో 1951 నుండియు అమలులో నున్నది. ఏజెన్సీ ప్రాంతములలో మాత్రము వేరు నిబంధనలను కూడ చూడవలెను.

అయితే ఈ చట్టము రైతుకు రక్షణ మాత్రమే కాదు. మీ మిరపకాయలు కొని డబ్బు ఇయ్యక దుకాణము ఎత్తివేయ జూచు వ్యాపారిపై మీరు ప్రయోగింపదగిన సాధనము కూడ ఇదియే. కనుక బాకీదారుగాను, బాకీ రావలసినవాడుగాను కూడ రైతు దీనిని తెలిసికొనుట మంచిది. సహకార సంఘపు బాకీలకు, భూమి శిస్తు బకాయిలకు వేరు చట్టములు కలవు. ఈ వ్యాసములోని సంగతులు సివిలు కోర్టులో వేయు డబ్బు దావాలకు సంబంధించినవి.

జప్తు రెండు విధములు

సాధారణముగా కోర్టు ముందు దావా విచారించి, బాకీ నిజమని తేలినచో డిక్రీ ఇచ్చును. బాకీదారు డిక్రీ ప్రకారము చెల్లింపనప్పుడు, డిక్రీ పొందినవారు అమలు దరఖాస్తు పెట్టి ఆస్తిని జప్తు చేయించి, వేలము వేయించుకొందురు. ఇది డిక్రీ తరువాతి జప్తు.

రెండవది తీర్పుకు ముందు జప్తు. ఇది కోడులోని 38వ ఆర్డరు, 5వ రూలు క్రింద జరుగును. దావా తేలుటకు ఏండ్లు పట్టవచ్చును. ఈలోగా ప్రతివాది ఆస్తినంతటిని అమ్మివేసినచో, చివరకు వచ్చిన డిక్రీ కాగితముగా మిగిలిపోవును. అట్టి మోసమును ఆపుటకే ఈ రూలు ఏర్పడినది. కాని ఇక్కడ బాకీ ఇంకను రుజువు కాలేదు. రుజువు కాని బాకీకి ఒకరి ఆస్తిని కట్టివేయుట చాల కఠినమైన పని గనుక, చట్టము దీనికి గట్టి షరతులు పెట్టినది.

బాకీ ఉన్నంత మాత్రమున చాలదు

తీర్పుకు ముందు జప్తు కోరువారు ఈ క్రింది నాలుగు సంగతులను కోర్టునకు తృప్తికరముగా చూపవలెను.

మొదటిది: దావా వేసియుండవలెను. దావా లేకుండ ఒట్టి అర్జీపై ఈ జప్తు లేదు. ఊరిలో పెద్దమనుష్యులను కూర్చుండబెట్టి ఎడ్లు తోలుకొనిపోవుట జప్తు కాదు, దౌర్జన్యము.

రెండవది: దావాలో బలము ఉన్నట్లు పైచూపునకైనను కనబడవలెను. నోటు, ఖాతా, ఉత్తరములు మొదలగు ఆధారములు ఉండవలెను.

మూడవది: ప్రతివాది తన ఆస్తినంతటిని గాని, కొంతభాగమును గాని అమ్మివేయబోవుచున్నాడని, లేక ఆ కోర్టు హద్దులు దాటించబోవుచున్నాడని చూపవలెను.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యమైనది. ఆ అమ్మకముగాని, తరలింపుగాని, రాబోవు డిక్రీ అమలును అడ్డగించు ఉద్దేశముతో, లేక ఆలస్యము చేయు ఉద్దేశముతో జరుగుచున్నట్లు చూపవలెను. ఈ దురుద్దేశము లేనిచో జప్తు లేదు.

ఒక ఉదాహరణము చూతము. ఒక రైతు ఏటేటా సంక్రాంతి తరువాత ధాన్యము మిల్లుకు తోలి అమ్ముకొనుచున్నాడు. ఈ ఏడు అతనిపై నోటు దావా ఉన్నది. ఈ ఏడు కూడ ఎప్పటివలెనే ధాన్యము అమ్మినాడు. ఈ అమ్మకము వాడుక వ్యవహారము, అందులో దురుద్దేశము లేదు. మరియొక రైతు దావా నోటీసు అందిన వారములోనే, ఎకరము విలువలో సగమునకే పొలమంతయు బావమరిది పేర వ్రాసి, మిగిలిన ఎకరములకు బేరగాండ్రను వెదకుచున్నాడు. ఇక్కడ కోర్టు దురుద్దేశమును ఊహించుటకు అవకాశము గలదు. 1951లో అచ్చయిన కలకత్తా హైకోర్టు తీర్పులో ఈ భేదమును చక్కగా వివరించిరి. దావా ఉన్నది గదా యని ప్రతివాది తన వ్యవహారములు మానుకొని కూర్చుండనక్కరలేదనియు, ఆస్తిలో చిన్న భాగమును అమ్మినంత మాత్రమున దురుద్దేశము ఊహింపరాదనియు, చాల తక్కువ ధరకు అమ్ముట, బినామీ పేర వ్రాయుట మాత్రము దురుద్దేశమునకు గుర్తులనియు అందు చెప్పబడినది.

2007 నవంబరులో సుప్రీంకోర్టు రామన్ టెక్ కంపెనీకి, సోలంకీ ట్రేడర్సుకు నడుమ జరిగిన వ్యాజ్యములో ఇదే సంగతిని దృఢపరచినది. ఇది అసాధారణమైన, తీవ్రమైన అధికారమనియు, యాంత్రికముగా వాడరాదనియు, తాకట్టు లేని బాకీని తాకట్టు ఉన్న బాకీగా మార్చుటకు ఈ రూలు ఏర్పడలేదనియు కోర్టు చెప్పినది. ప్రతివాదిని బెదరించి రాజీకి దింపుటకు కొందరు దీనిని వాడుచున్నారని కూడ ఆ తీర్పు హెచ్చరించినది.

కావున "ప్రతివాది ఆస్తి అమ్ముకొనుచున్నాడని తెలియవచ్చినది" అని ఒక్క వాక్యము వ్రాసిన ప్రమాణ పత్రము చాలదు. ఏ ఆస్తి, ఎవరికి, ఎప్పుడు, ఎంతకు అను వివరములును, ఆ సంగతి వాదికి ఎట్లు తెలిసినదను మాటయు అందులో ఉండవలెను. జప్తు కోరు ఆస్తి జాబితాను, దాని విలువ అంచనాను కూడ వాది ఇయ్యవలెను.

కోర్టు పాటింపవలసిన క్రమము

వాది చెప్పినది నమ్మదగినట్లున్నను, కోర్టు వెంటనే ఆస్తిని తుదిగా జప్తు చేయరాదు. ముందుగా ప్రతివాదికి గడువు పెట్టి ఉత్తర్వు ఇయ్యవలెను. ఆ గడువులోగా అతడు జామీను అయినను ఇయ్యవలెను, లేదా జామీను ఎందుకు ఇయ్యనక్కరలేదో వచ్చి చెప్పుకొనవలెను. ఆస్తి గడువులోగానే మాయమగునని తోచినచో, అదే ఉత్తర్వులో షరతుతో కూడిన తాత్కాలిక జప్తును కూడ కోర్టు చేయవచ్చును.

జామీను అడుగకుండ, సంజాయిషీకి అవకాశమియ్యకుండ చేసిన జప్తు చెల్లనేరదు. 1976 సవరణచే చేర్చబడిన 5వ రూలు 4వ ఉపనిబంధన ఈ మాట చెప్పుచున్నది. ఈ సవరణ 1977 ఫిబ్రవరి 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది.

ప్రతివాది గడువులోగా తగిన కారణము చూపినచో, లేక జామీను ఇచ్చినచో, తాత్కాలిక జప్తును ఎత్తివేయవలెను. రెండును చేయనప్పుడే 6వ రూలు క్రింద జప్తు స్థిరపడును. అదియు బాకీకి సరిపోవునంత మేరకే. పదివేల రూపాయల బాకీకి పదెకరముల మాగాణి జప్తు కోరినచో, అంత అక్కరలేదని చెప్పుకొనుటకు మీకు హక్కు గలదు.

తరువాత ఎప్పుడు జామీను ఇచ్చినను, లేక దావా కొట్టివేయబడినను, 9వ రూలు ప్రకారము జప్తు ఎత్తివేయవలెను. వాది హాజరు కానందున దావా పోయి, తిరిగి తీసికొనబడినప్పుడు, పాత జప్తు దానంతట అది మరల బ్రతుకదు.

పంటకు ప్రత్యేక రక్షణ

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. 38వ ఆర్డరులోని 12వ రూలు వ్యవసాయదారుని గూర్చియే వ్రాయబడినది. వ్యవసాయదారుని స్వాధీనములో నున్న వ్యవసాయ ఫలసాయమును తీర్పుకు ముందు జప్తు చేయుమని వాది కోరుటకు గాని, కోర్టు అట్లు ఉత్తర్వు చేయుటకు గాని, ఆ ఫలసాయమును తెచ్చి చూపుమని ఆజ్ఞాపించుటకు గాని ఈ ఆర్డరు అధికారమియ్యదు. రైతుకు దురుద్దేశము ఉన్నదా లేదా అను ప్రశ్న కూడ ఇక్కడ పుట్టదు.

ఇందులోని న్యాయము సేద్యగానికి చెప్పనక్కరలేదు. పంట కాలమునకు లోబడిన వస్తువు. కోతకు వచ్చిన వరి నాలుగు దినములు ఆగినచో గింజ రాలును. కుప్ప నూర్చక వానలో నానినచో మొలకెత్తును. ప్రత్తి తీయక వదలినచో మట్టి పాలగును. కోర్టు కాగితము ఒక వాయిదా నుండి మరియొక వాయిదాకు నడచునంతలో పంట పాడైపోయినచో, వాదికిని లాభము లేదు, ప్రతివాదికిని లేదు. పైగా ఇంటిల్లిపాదికి ఏడాది తిండియు, రాబోవు కారు విత్తనమును ఆ పంటలోనే ఉన్నవి.

నిలిచిన పైరు సంగతి ఏమని మీరు అడుగవచ్చును. ఇదే కోడులోని 21వ ఆర్డరు 44వ రూలు పొలములోని పైరును, కోసిన పంటను రెండింటిని వ్యవసాయ ఫలసాయముగనే పేర్కొన్నది. కావున పొలములో నున్న పైరైనను, కళ్ళములోని కుప్పయైనను, గాదెలోని ధాన్యమైనను రైతు స్వాధీనములో నున్నంతవరకు ఈ రక్షణ గలదు.

ఈ రక్షణకు గల హద్దులను కూడ గుర్తుంచుకొనుడు. ఇది తీర్పుకు ముందు మాత్రమే. డిక్రీ అయిన తరువాత ఫలసాయమును జప్తు చేయవచ్చును. అప్పుడు సైతము కోర్టు షరతులకు లోబడి పైరును సాకుటకు, కోయుటకు, నూర్చి నిలువచేయుటకు బాకీదారుకు అవకాశము ఉండును. రెండవ హద్దు: రైతుల వద్ద కొని గోదాములో నిలువచేసిన వ్యాపారి సరకునకు ఈ రక్షణ లేదు. మూడవది: ఇది పంటకే గాని పొలమునకు కాదు. పొలమును తీర్పుకు ముందు జప్తు చేయవచ్చును. చిన్న మొత్తముల వ్యాజ్యములు విచారించు స్మాల్ కాజు కోర్టునకు మాత్రము స్థిరాస్తిని ఇట్లు జప్తు చేయు అధికారము లేదు.

జప్తు చేయరాని ఇతర వస్తువులు

కోడులోని 60వ సెక్షను కొన్ని వస్తువులను డిక్రీ తరువాత కూడ జప్తు నుండి మినహాయించినది. డిక్రీ వచ్చినను ముట్టరాని వస్తువును తీర్పుకు ముందు ముట్టుట పొసగదు. రైతు కుటుంబమునకు సంబంధించినవి ఇవి:

బాకీదారుకు, భార్యాబిడ్డలకు అవసరమైన బట్టలు, వంటపాత్రలు, పడకలు, మంగళసూత్రమువలె మతాచారము ననుసరించి స్త్రీ తీసివేయరాని ఆభరణములు.

వ్యవసాయదారుని పనిముట్లు, అతని జీవనమునకు అవసరమని కోర్టు తలంచిన పశువులు, విత్తనపు గింజలు. వడ్రంగి, కమ్మరి మొదలగు చేతివృత్తులవారి పనిముట్లు.

వ్యవసాయదారుడు గాని, కూలి గాని కాపురముండు సొంత ఇల్లు, దాని స్థలము, దానికి చేర్చి అవసరమైన దొడ్డి. ఈ ఇంటినే తనఖా పెట్టినప్పుడు సంగతి వేరు.

కూలీల కూలి డబ్బు, గింజల రూపములో ఇచ్చినది సైతము. ఉద్యోగుల జీతములో మొదటి 1000 రూపాయలును, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులును, మనోవర్తి డిక్రీలకు తప్ప.

ఈ సెక్షనులో వ్యవసాయదారుడనగా పట్టాదారుడే కాదు. స్వయముగా సేద్యము చేయుచు ముఖ్యముగా దానిపైననే జీవించు కౌలుదారును, వ్యవసాయ కూలియు కూడ ఇందు చేరుదురు. అప్పు కాగితములో "ఈ మినహాయింపులు నాకు అక్కరలేదు" అని వ్రాయించుకొన్నను అట్టి ఒడంబడిక చెల్లదు. 1976 సవరణ ఈ మాటను ఖండితముగా చెప్పినది.

ఇతరుల చేతిలోనున్న మీ డబ్బు

పంట ఇంట నున్నంతవరకు రక్షణ ఉన్నదని చెప్పితిమి. అమ్మిన తరువాత అడ్తీదారు వద్దనో, చక్కెర మిల్లు వద్దనో మీకు రావలసిన సొమ్ము పంట కాదు, బాకీ. బ్యాంకులోని నిలువ కూడ అట్టిదే. అట్టి సొమ్మును కోర్టు జప్తు చేయవచ్చును. దీనికి అమీనా వచ్చి డబ్బు పట్టుకొనిపోవుట జరుగదు. మీరు ఆ డబ్బు వసూలు చేసికొనరాదనియు, అవతలివారు మీకు చెల్లింపరాదనియు కోర్టు వ్రాతమూలకముగా నిషేధించును. ఈ ఉత్తర్వు కూడ పైన చెప్పిన నాలుగు షరతులకును, జామీను గడువునకును లోబడినదే.

ఇట్టి నిషేధపు ఉత్తర్వు ఒకొక్కప్పుడు ఏ తప్పును లేని రైతుకు కూడ రావచ్చును. మీరు కౌలుకు చేయుచున్న పొలము యజమానిపై వేరొకరు దావా వేసి, మీరు ఇయ్యవలసిన కౌలు డబ్బును జప్తు చేయించిరనుకొందము. ఉత్తర్వు అందిన తరువాత మొగమాటమునకు పోయి యజమానికి కౌలు చెల్లింపరాదు. చెల్లించినచో రెండవ మారు ఇచ్చుకొనవలసి రావచ్చును. ఆ సొమ్మును కోర్టులో కట్టి రసీదు పుచ్చుకొన్నచో, యజమానికి చెల్లించినట్లే లెక్క.

గ్రామాధికారులు గమనింపవలసినవి

పొలము జప్తు అనగా పొలమును స్వాధీనము చేసికొనుట కాదు. దానిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు అను ఆజ్ఞ మాత్రమే. రైతు ఎప్పటివలె దున్ని పండించుకొనవచ్చును. జప్తు ఉత్తర్వును పొలము వద్ద గాని సమీపమున గాని దండోరా వేయించి ప్రకటింపవలెను. ప్రతిని పొలములోను, కోర్టులోను, శిస్తు చెల్లించు భూమియైనచో కలెక్టరు కార్యాలయములోను, గ్రామములోని భూమియైనచో గ్రామ పంచాయతీ కార్యాలయములోను అంటింపవలెను. పంచాయతీ గోడపై అంటించిన ఈ కాగితము చింపివేయబడకుండ చూచుట, అడిగినవారికి చదివి చెప్పుట గ్రామమునకు మేలు చేయు పనులు. ఆ కాగితము చూడక పొలము కొనువాడు నష్టపోవును. జప్తు తరువాత చేసిన అమ్మకము, ఆ జప్తు క్రింద రాబట్టదగిన హక్కులకు విరుద్ధముగా చెల్లదు. భూమి కొనువారు రిజిస్ట్రారు కార్యాలయములో ఈసీ తీయించుకొనుటతోపాటు, పంచాయతీలోను, కోర్టులోను కూడ విచారించుకొనుట క్షేమము.

చరాస్తి జప్తుకు వచ్చిన అమీనా సూర్యాస్తమయము తరువాత, సూర్యోదయమునకు ముందు నివాసగృహములో ప్రవేశింపరాదు. పశువుల వంటివి తీసికొనిపోవుటకు వీలు కానప్పుడు గ్రామములోనే ఒక గౌరవస్థునికి అప్పగింపవచ్చును. అట్లు అప్పగింత పుచ్చుకొన్నవారు, కోరినప్పుడు ఆ సొత్తును హాజరు పరుపనిచో నష్టపరిహారమునకు బాధ్యులగుదురు. ఒట్టి మాటసాయమని తలంచి సంతకము పెట్టరాదు.

ఉత్తర్వు చేతికి వచ్చినప్పుడు

కాగితము తీసికొననని తిప్పిపంపుట మంచిది కాదు. తీసికొని, అందిన తేదీ వ్రాసిపెట్టుకొనుడు. వాదిచ్చిన ప్రమాణ పత్రపు నకలు, ఆస్తి జాబితా తెప్పించుకొని చదివించుకొనుడు. గడువు ఏ తేదీతో తీరునో చూచుకొని, ఆలోగానే న్యాయవాది ద్వారా జవాబు దాఖలు చేయుడు. జవాబులో ఒట్టి నిరాకరణ చాలదు. ఏటేటా పంట ఎక్కడ అమ్ముచున్నారో చూపు చీటీలు, పొలము అమ్మకమునకు పెట్టలేదని చెప్పగల సాక్షుల ప్రమాణ పత్రములు, పాసుపుస్తకము దాఖలు చేయుడు. జాబితాలో పంట ఉన్నచో 12వ రూలును, ఎడ్లు, పనిముట్లు, ఇల్లు ఉన్నచో 60వ సెక్షనును చూపుడు.

6వ రూలు క్రింద ఉత్తర్వు మీకు విరుద్ధముగా వచ్చినను అప్పీలు గలదు. జిల్లా కోర్టుకు అప్పీలు చేయవలసినచో 30 దినముల గడువు. ఖర్చునకు వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి, వరద, కరవు వంటి విపత్తులకు లోనైనవారికి, నిర్ణీత ఆదాయమునకు లోబడినవారికి ఉచితముగా న్యాయవాదిని ఏర్పాటు చేయుదురు. కోర్టు ఆవరణలోని న్యాయసేవా సంఘములో అర్జీ ఇయ్యవచ్చును.

జప్తయిన వస్తువు మరియొకరిదైనచో

అన్న బాకీకి వేరుపడిన తమ్ముని ఎడ్లను, తండ్రి బాకీకి కుమారుడు సంపాదించిన ట్రాక్టరును జాబితాలో చేర్చుట కలదు. అట్టి సొంతదారు ఊరకుండక, జప్తు చేసిన కోర్టులోనే క్లెయిము పిటిషను వేయవలెను. ఆస్తి ఎవరిదో ఆ కోర్టే విచారించి తేల్చును. కొనుగోలు రసీదు, రిజిస్ట్రేషను కాగితములు, పంపకముల పత్రము అక్కరకు వచ్చును.

జప్తునకు ముందే ఏర్పడియున్న ఇతరుల హక్కులకు జప్తు భంగము కలిగింపదని 10వ రూలు చెప్పుచున్నది. పొలము అమ్మకపు దస్తావేజు జప్తునకు ముందే వ్రాయబడి, రిజిస్ట్రేషను మాత్రము జప్తు తరువాత అయినచో ఏమగును? కొన్నవారి హక్కే నిలుచునని 1991లో అచ్చయిన సుప్రీంకోర్టు తీర్పు తేల్చినది.

అన్యాయముగా జప్తు చేయించినచో

చాలని కారణములపై జప్తు పొందినట్లు తేలినను, దావా వేయుటకే సరియైన ఆధారము లేనట్లు తేలినను, ప్రతివాది 95వ సెక్షను క్రింద అదే కోర్టులో దరఖాస్తు పెట్టి నష్టపరిహారము కోరవచ్చును. కలిగిన ఖర్చునకు, నష్టమునకు, పరువునకు కలిగిన భంగమునకు కూడ కోర్టు పరిహారము ఇప్పించగలదు. దీని పరిమితి పూర్వము 1000 రూపాయలు. 2002 జూలై 1వ తేదీ నుండి 50,000 రూపాయలకు పెరిగినది. ఇట్లు కోర్టు తేల్చిన తరువాత అదే నష్టమునకు వేరు దావా లేదు గనుక, ఏ మార్గము మేలో ముందే న్యాయవాదితో ఆలోచించుకొనుడు.

రైతే వాదియైనప్పుడు

ఇంతవరకు చెప్పిన షరతులు మీరు దావా వేసినప్పుడు మీకును వర్తించును. ఒక వ్యాపారి ఊరిలోని పలువురి మిరపకాయలను వాయిదాపై కొని, డబ్బు ఇయ్యక, గోదాములోని బస్తాలను రాత్రివేళ లారీలపై పంపివేయుచున్నాడనుకొందము. ఇట్టి చోటనే 5వ రూలు రైతుకు అండ. కాని "అతడు మోసగాడు" అని అందరును అనుకొనుట రుజువు కాదు. మార్కెట్టు యార్డులో ఇచ్చిన తక్‌పట్టీ, కాటా చీటీ, వ్యాపారి సంతకము గల ఖాతా కాగితము బాకీకి రుజువు. ఏ తేదీన ఎన్ని లారీలు ఎటు వెళ్ళినవో, ఇల్లు ఎవరికి బేరము పెట్టినాడో కన్నులార చూచినవారి ప్రమాణ పత్రములు దురుద్దేశమునకు రుజువు. కావున సరకు ఇచ్చినప్పుడే చీటీ పుచ్చుకొనుడు. నోటిమాటపై బస్తాలు వదలినవానికి ఈ రూలు ఉపయోగపడుట కష్టము.

గోదాము మరియొక జిల్లాలో ఉన్నను నిరాశపడనక్కరలేదు. దావా విచారించు కోర్టు జప్తు ఉత్తర్వు చేసి, 136వ సెక్షను ప్రకారము ఆ జిల్లా కోర్టుకు పంపవచ్చును. అమ్మిన సరకు ధరకు దావా మూడు సంవత్సరములలోపల వేయవలెను. జప్తు కోరవలసినచో మాత్రము మూడేండ్లు కాదు, మూడు దినములు కూడ జాగు చేయరాదు. సరకు దాటిపోయిన తరువాత జప్తు చేయుటకు ఏమియు మిగులదు.

తీర్పుకు ముందు జప్తు పొందినంత మాత్రమున ఆ ఆస్తి మీదగునని తలంపరాదు. దావా గెలిచి డిక్రీ పొందవలెను. అప్పుడు తిరిగి జప్తు అక్కరలేకయే అమ్మకమునకు దరఖాస్తు పెట్టవచ్చును.

గుర్తుంచుకొనుడు

1. దావా లేనిదే జప్తు లేదు. బాకీ ఒక్కటే చాలదు, దురుద్దేశము చూపవలెను.

2. జామీనుకు గాని సంజాయిషీకి గాని అవకాశమియ్యని జప్తు చెల్లదు.

3. రైతు స్వాధీనములోని పంటను తీర్పుకు ముందు జప్తు చేయరాదు.

4. సేద్యపు పనిముట్లు, అవసరమైన ఎడ్లు, విత్తనములు, కాపురముండు ఇల్లు జప్తు నుండి మినహాయింపబడినవి. వదలుకొందునని వ్రాసియిచ్చినను ఆ వ్రాత చెల్లదు.

5. కోర్టు కాగితము అందిన దినము మొదలు గడువు లెక్కపెట్టుకొనుడు.

6. సరకు ఇచ్చునప్పుడు చీటీ, డబ్బు ఇచ్చునప్పుడు రసీదు మరువకుడు.

బాకీ తీర్చుట ధర్మము. తీర్చగలిగినంత తీర్చి, మిగిలిన దానికి వాయిదా కోరుట మర్యాద. కాని బెదిరింపునకు లొంగి ఏడాది కష్టమును కళ్ళములోనే సగము ధరకు వదలుకొనుట అప్పును తీర్చదు, మరుసటి ఏటి అప్పును పెంచును. ఈసారి "కుప్ప జప్తు" అను మాట వినబడినప్పుడు, "తీర్పు అయినదా?" అని అడుగుడు.